తొంభై నాలుగు కిలోలూ, రెండు చక్రాలూ

సైకిలు తొక్కడం ఒకసారి వస్తే జన్మలో మర్చిపోరని అంటారు. ఆ మాట అన్నవాడెవడో గానీ తొంభై నాలుగు కిలోలు మాత్రం ఉండి ఉండడు.

ఇంటర్ రెండో సంవత్సరంలో దిగిన సైకిలు మళ్ళీ ముప్ఫై ఆరో ఏట ఎక్కాను. రియాద్‌లో మా బిల్డింగు సెల్లార్‌లో, రాత్రి పదకొండింటికి, ఎవరూ చూడరన్న ధైర్యంతో. రెండు స్తంభాలు బాగానే దాటాను. మూడో స్తంభం నా మీదకొచ్చింది. చప్పుడికి పరిగెత్తుకొచ్చిన హారిస్ (ఇక్కడ వాచ్‌మన్‌ని అలాగే పిలుస్తారు) ముందు సైకిల్‌ని లేపి నిలబెట్టాడు, తర్వాత నన్ను.

ఈ వయసులో ఈ గొడవంతా ఎందుకంటే, ఏటా ఆఫీసువాళ్ళు చేయించే రక్తపరీక్ష. మూడు నెలల సగటు చూపించే షుగర్ పరీక్షలో 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హెచ్చరిక, 6.5 దాటితే షుగరు వచ్చినట్టే. మా వంశంలో షుగరు పిత్రార్జితం లాంటిది, పంపకాల గొడవ లేకుండానే అందరికీ సమానంగా వస్తుంది. మలయాళీ డాక్టరమ్మ రిపోర్టు చూసి "నడవండి" అంది. నడిచాను. బయట వేడి కాబట్టి మాల్‌లో నడిచాను. మాల్‌లో ఎటు నడిచినా చివరికి ఫుడ్‌కోర్టే వస్తుంది. రెండు నెలల్లో కిలోన్నర పెరిగాను.

అప్పుడు కొన్నాను సైకిలు. 1350 రియాళ్ళు, మన లెక్కలో ముప్ఫై వేల పైచిలుకు. షాపులో కుర్రాడు "రోడ్డా, మౌంటెనా, హైబ్రిడా?" అని అడిగితే "క్యారేజీ ఉన్నది ఏదైనా ఉందా?" అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. ఆ డబ్బుతో మా ఊళ్ళో పాత స్కూటీ వస్తుందని మా ఆవిడ లెక్క. అదీ నిజమే.

మొదటి నెల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, నొప్పులు తప్ప. నేను చేసిన తప్పులు మాత్రం చెబుతాను, నాలాంటి వాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తాయి. కాళ్ళు నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించుకున్నాను. దాంతో మోకాళ్ళు పోయాయి. పెడలు అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండేట్టు సీటు ఎత్తుకోవాలట. పడిపోతామేమోనని భయం వేస్తుంది, కానీ నొప్పి పోతుంది. రెండోది గేర్లు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నేను పెద్ద గేరంటే పెద్ద స్పీడనుకుని నెలరోజులు దాన్నే తొక్కాను, బావిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు. తేలిక గేరులో కాళ్ళు గబగబా తిప్పాలని తెలిశాక మూడు కిలోమీటర్లు పదయ్యాయి, పది ముప్ఫై అయ్యాయి.

తొక్కేది వాదీ హనీఫాలో. రియాద్‌కి పడమటి పక్కన దాదాపు 120 కిలోమీటర్ల పొడవున్న లోయ అది. పాత రాజధాని దిరియా దాని ఒడ్డునే ఉంది. ఒకప్పుడు చెత్తా మురుగూ పారబోసే చోటు. దాన్ని బాగుచేసి, ఊరి వాడకం నీళ్ళని శుద్ధిచేసి పారిస్తూ, చెట్లు పెంచారు. 2010లో ఆ పనికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున, ఫజ్ర్ నమాజు అయిపోయాక, కారు డిక్కీలో సైకిలు పెట్టుకుని అక్కడికి వెళతాను. (అవును, సైకిలు తొక్కడానికి కారులో వెళతాను. నవ్వుకోండి.) ఖర్జూరపు తోటల మధ్య తడిమట్టి వాసన వస్తుంది. ఎడారి దేశంలో తడిమట్టి వాసన! కారులో ఆ దారినే వందసార్లు వెళ్ళుంటాను, ఆ వాసన ఒక్కసారీ తగల్లేదు. దక్షిణంగా వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంటే నేనేదో చాంపియన్ని అయిపోయాననుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు తెలిసింది, చాంపియన్ ఎవరో.

పద్నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. 6.3 కాస్తా 5.8 అయింది. ఇప్పుడు తగ్గకపోయినా తొక్కుతాను. అదొచ్చింది అసలు మార్పు.

ఇంతవరకూ చెప్పినది బరువు తగ్గినవాళ్ళందరూ చెప్పే కథే. నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

ఒక శుక్రవారం పంచరైంది. తుమ్మముల్లు. ముళ్ళ విషయంలో ఈ లోయకీ మా పొలంగట్టుకీ తేడా లేదు. టైరు ఊడదీయడం రాక, ట్యూబుని అచ్చ తెలుగులో తిడుతున్నాను. వెనకనుంచి ఒక గొంతు. "గట్ల తిడుతున్నరేంది సారూ, ట్యూబేం పాపం జేసింది?"

జగిత్యాల దగ్గర ఒక పల్లె ఆయనది. పదకొండేళ్ళుగా ఇక్కడ ఖర్జూరపు తోటలో పని. నల్లటి బరువైన సైకిలు, వెనక క్యారేజీకి ప్లాస్టిక్ పళ్ళబుట్ట కట్టి ఉంది. బుట్టలోంచి స్పూను తీసి, దాంతోనే టైరు ఊడదీసి, పది నిమిషాల్లో అతుకు వేశాడు. గాలి కొడుతూ నా సైకిల్ని చుట్టూ చూశాడు.

"మంచి సైకిలే సారు. గని మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారేజి లేదు. దీని మీద ఏం దెస్తరు?"

"ఏమీ తేనన్నా. ఊరికే తొక్కుతాను."

"ఊరికేనా?" అని, నిజంగానే ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వాడు. ఆయన గది నుంచి తోటకి ఏడు కిలోమీటర్లు. రానూ పోనూ రోజుకి పద్నాలుగు. నేను వారానికోసారి ముప్ఫై తొక్కి ఫోటోలు పెట్టుకుంటుంటే, ఆయన వారానికి ఎనభైకి పైగా తొక్కుతున్నాడు. దాన్ని ఆయన సైక్లింగు అనడు. పనికి పోవడం అంటాడు.

ఆ "ఊరికేనా" నన్ను వదల్లేదు. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆరు కిలోమీటర్ల అవతలి ఊరికి అట్లాస్ సైకిలు మీద పదహారేళ్ళు వెళ్ళొచ్చారు. స్కూటరు కొన్నరోజు మా ఇంట్లో పాయసం వండారు, సైకిలు పెరట్లోకి పోయింది. మాకు తెలిసిన ఎదుగుదలంటే అదే, సైకిలు దిగడం. నేను మళ్ళీ ఎక్కానని ఫోన్లో చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఉద్యోగం బాగానే ఉందా?" అని అడిగారు. (అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతబడింది 2020 జూన్ 3న. ఆరోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. కావాలని కల్పించినా ఇంత బాగా కుదరదు.)

నా ఉద్దేశం ఏమిటంటే, మనం సైకిల్ని గౌరవించడం మొదలుపెట్టిన రోజునే దాన్ని వాహనం కాకుండా చేసేశాం. వ్యాయామం అయితే గౌరవం, ప్రయాణం అయితే పేదరికం. ఈ తేడాని ఈ దేశంలో ఒకసారి కాగితం మీదే పెట్టారు. హైఫా అల్ మన్సూర్ తీసిన 'వజ్దా' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. 2012లో వచ్చింది, పూర్తిగా సౌదీలోనే తీసిన మొదటి పెద్ద సినిమా. రియాద్‌లో పదేళ్ళ పిల్ల ఒక పచ్చ సైకిలు కోసం పడే పాట్లు. వీధుల్లో మగవాళ్ళ మధ్య నిలబడి తీయడానికి వీల్లేక, దర్శకురాలు వ్యానులో కూర్చుని వాకీటాకీలో చెబుతూ తీసింది. ఆ మరుసటేడు, 2013లో, ఆడవాళ్ళు సైకిలు తొక్కవచ్చని మతపోలీసులు ఒప్పుకున్నట్టు ఇక్కడి పత్రికల్లో వచ్చింది. పార్కుల్లాంటి చోట్ల, ఇంటి మగవాళ్ళు తోడుండగా, వినోదానికి మాత్రమే, ప్రయాణానికి కాదు! అప్పుడు ప్రపంచమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు అవన్నీ మారిపోయాయి, 2018 నుంచి ఆడవాళ్ళు కార్లే నడుపుతున్నారు. చలికాలంలో మా ఆవిడ అద్దె సైకిలు తీసుకుని నన్ను దాటేసి వెళుతుంది కూడా. కానీ ఆ చివరి షరతు ఉంది చూశారూ, వినోదానికి సరే, ప్రయాణానికి కాదని, దాన్ని ఎవరూ చెప్పకుండానే అన్ని ఊళ్ళూ పాటిస్తున్నాయి.

రియాద్‌లో స్పోర్ట్స్ బులెవార్డ్ కడుతున్నారు. 2019లో ప్రకటించారు. వాదీ హనీఫా నుంచి తూర్పున వాదీ సులయ్ దాకా, మొత్తం 135 కిలోమీటర్లకు పైగా. తొలిదశ 2025 ఫిబ్రవరిలో తెరిచారు. అద్భుతంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను దాని మీద మహా సంతోషంగా తొక్కుతాను. హైదరాబాద్‌లో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023 అక్టోబరు 1న మొదలైంది, పైన సోలార్ పలకల కప్పుతో సహా. కిందటిసారి సెలవుల్లో వెళ్ళి తొక్కాను. అక్కడా పార్కింగులో కార్లు, కార్ల వెనక సైకిళ్ళు. పాలవాడి సైకిలు గానీ, మేస్త్రీ సైకిలు గానీ ఆ పూట ఒక్కటీ కనబడలేదు.

ఈ మాటంటే మా ఫ్రెండ్స్ కొట్టిపారేస్తారు. "నలభై అయిదు డిగ్రీల ఎండలో పనికి సైకిలు మీద ఎవడు వెళ్తాడ్రా?" అంటారు. వెళ్తున్నారు కదా! ఏసీ కారులో కూర్చుంటే కనబడరు, అంతే. సైకిలెక్కే దాకా నాకూ కనబడలేదు. ఎవడు వెళ్తాడని కాదు, వెళ్ళేవాళ్ళకి దారేదని అడగాలి. ట్రాకులు వద్దనడం లేదు. తోట కార్మికుడి గది నుంచి తోటకీ, క్యాంపు నుంచి కిరాణాకొట్టుకీ, రోడ్డు పక్కన రెండు మీటర్లు ముందు వేసి, లైట్లు పెట్టి, తర్వాత నాలాంటి లావుపాటి వాళ్ళకి అందమైన దారులు వేయమంటున్నాను. ఇలా అంటున్న నేను ఆఫీసుకి పద్దెనిమిది కిలోమీటర్లు కారులోనే వెళతాను. ఆ హైవే మీద సైకిలు తొక్కే ధైర్యం నాకు లేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

జగిత్యాల అన్నకి ఆ ధైర్యం గురించి ఎంచుకునే వీలేదీ లేదు. ఆయన సైకిలుకి వెనక లైటు లేదు. నా దగ్గర రెండున్నాయి, ఆఫర్లో ఒకటి కొంటే ఇంకొకటి ఇచ్చారు. ఆయనకి ఇద్దామని అయిదు శుక్రవారాలు అనుకున్నాను, అయిదుసార్లూ డ్రాయర్లో మర్చిపోయాను. ఆరో శుక్రవారం ఆయన కనబడలేదు. ఫోన్ చేస్తే చెప్పాడు, సోమవారం చీకటి పడ్డాక ఏదో కారు అద్దం తగిలి పడిపోయాడట. కారు ఆగలేదు. ఎడమ మణికట్టు విరిగింది, కట్టు వేశారు. "ఏం గాలే సారు, సైకిలు మంచిగనే ఉన్నది" అన్నాడు. ముందు సైకిలు సంగతే చెప్పాడు.

ఆరు వారాలు ఆయన ఏడు కిలోమీటర్లూ నడిచాడు, తోట పికప్ దొరికిన రోజుల్లో తప్ప. నేను ఆ సాయంత్రమే లైటూ, మెరిసే జాకెట్టూ తీసుకెళ్ళి ఇచ్చాను. డ్రాయర్ నుంచి గుమ్మం దాకా సరిగ్గా పదకొండు అడుగులు. లెక్కపెట్టాను.

కిందటి శుక్రవారం మళ్ళీ ఎదురుపడ్డాడు, సైకిలు మీద. పూర్తిగా తెల్లారింది, అయినా వెనక లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది.

"అన్నా, పగలెందుకు లైటు?"

"ఉండనీయుండ్రి సారూ. కార్లోళ్ళకు నేను కనవడ, గిది కనవడ్తది."

కాసేపు పక్కపక్కనే తొక్కాం. బ్యాటరీ అయిపోవస్తోంది, దీని ఛార్జింగు వైరు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. వైరు మా ఇంట్లో డ్రాయర్‌లోనే ఉండిపోయింది. ఈసారి శుక్రవారం దాకా ఆగను, ఈ రాత్రికే ఇచ్చొస్తాను.