‘సెప్టిక్’ తెలిసినవాళ్ళకి ‘క్రిమిసంహారిణి’ ఎందుకు?

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళ చేతికి ఉలి తగిలినా, ఆత్మకూరు పొలాల్లో కాలికి కొడవలి తెగినా, మందుల షాపులో అడిగేది ఒకటే: “అన్నా, దెబ్బ సెప్టిక్ కాకుండా ఏదన్నా ఇయ్యి.” యాంటీసెప్టిక్ అనే మాటకున్న అర్థం మొత్తం ఆ వాక్యంలో ఉంది. మన అనువాదకులు రాసే ‘క్రిమిసంహారిణి’లో లేదు.

గ్రీకులో సెప్సిస్ అంటే కుళ్ళడం. యాంటీసెప్టిక్ అంటే కుళ్ళుని అడ్డుకునేది. క్రిమి ఊసే లేదు. మాంసాన్ని కుళ్ళకుండా ఏ పదార్థం ఎంతవరకు ఆపుతుందో ప్రయోగాలు చేసి చూసిన సైనిక వైద్యుడు జాన్ ప్రింగిల్‌కి రాయల్ సొసైటీ 1752లో కాప్లీ మెడల్ ఇచ్చింది. ఆ ప్రయోగాల్లోనే ఈ మాట ఉంది. కుళ్ళడానికి సూక్ష్మజీవులే కారణమన్న పాశ్చర్ ఆలోచనని పట్టుకుని, గాయాలకి కార్బాలిక్ ఆమ్లం వాడిన ఫలితాలని జోసెఫ్ లిస్టర్ ప్రచురించింది 1867లో. అంటే ఈ మాట వైద్యంలోకి వచ్చిన వందేళ్ళకి గానీ క్రిమి రాలేదు.

ఇది నిఘంటువుల తగాదా మాత్రమే అయితే వదిలేయొచ్చు. కానీ పొలంలో పురుగుకి కొట్టేదీ మనకి క్రిమిసంహారకమే. కరోనా కాలంలో వీధుల్లో చల్లిన హైపోక్లోరైటూ క్రిమిసంహారకమే. పిల్లాడి మోకాలి దెబ్బకి రాసేదీ అదే. మొదటిది తాగితే మనిషి పోతాడు, రెండోది ఘాటుగా ఉంటే చర్మం కాలుతుంది, మూడోది పుండుని కాపాడుతుంది. ఇంగ్లీషులో పెస్టిసైడ్, డిసిన్ఫెక్టెంట్, యాంటీసెప్టిక్ అని మూడు పేర్లున్నాయి. మూడు వేరువేరు పనులకి ఒకే పేరు పెడితే మా ఆఫీసుల్లో కోడే వెనక్కి పంపేస్తారు. మందు సీసా మీద మాత్రం చెల్లిపోతోందే!

“సెప్టిక్ తెలుగు మాట కాదు కదా” అంటారు. క్రిమి మాత్రం ఎక్కడిది? సంస్కృతం. అక్కడ దాని మొదటి అర్థం పురుగు. అచ్చ తెలుగే కావాలంటే చీము ఉంది, కుళ్ళు ఉంది. వాటిని సీసా మీదికి రానివ్వకపోవడానికి కారణం ఒక్కటే: అవి మురికి మాటలని మన చదువుకున్నవాళ్ళకి జంకు.

“గాయం చీము పట్టకుండా పైన రాసే మందు” అని రాయండి. రెండోదాని మీద “నేలకీ గిన్నెలకీ మాత్రమే, ఒంటికి రాయొద్దు” అని రాయండి. పొడుగైతే అవనీ. సీసా చదివేవాడు పండితుడు కాదు, చెయ్యి తెగి రక్తం కారుతున్నవాడు.