మధ్యాహ్నం మూడింటి చేప

పోయిన నెల మా బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్తే, పంక్తిలో కూర్చున్న ఒక పెద్దమనిషి అందరికీ వినబడేలా ఒక మాటన్నాడు. "హొళగుంద ఆడవాళ్ళు ఇప్పుడు ఆదోనికి పోయి హోటల్లో చేపలు తింటున్నారంట. అదీ హ్యాపీ అవర్స్‌లో! ఇంట్లో చేతులు పడిపోయినాయా?" పంక్తి అంతా నవ్వింది. వడ్డిస్తున్నది నేనే. చేతిలో పప్పు గిన్నె ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు చేతిలో గిన్నె లేదు.

జరిగింది చెప్తాను. మా వదిన, ఎదురింటి అక్క, నేను పండక్కి బట్టలు తెద్దామని ఆదోనికి వెళ్ళాం. శనివారం కాకుండా చూసుకునే వెళ్ళాం లెండి. ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు పీకుతుంటే ఒక చేపల హోటలు బయట బోర్డు కనబడింది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు ధర తక్కువ. 220 రూపాయల చేప వేపుడు 140కి, 260 రూపాయల రొయ్యల వేపుడు 170కి. రెండు ప్లేట్ల చేప, ఒక ప్లేటు రొయ్యలు, మూడు రోటీలు తీసుకున్నాం. మొత్తం 510. మనిషికి 170 పడింది. ఫ్యాను కింద కూర్చుని వేడివేడిగా తిన్నాం. నేరం ఇదే.

ఇంట్లో చేప వండితే ఏమవుతుందో ఆ పెద్దమనిషికి తెలియదు, మీకు తెలుసు. పొలుసు గీకాలి, బూడిదో కల్లుప్పో వేసి రుద్దాలి, నిమ్మకాయ, పసుపు పట్టించాలి, మసాలా నూరాలి. వండినాక బోకులు తోమాలి, వాసన పోయేదాకా బండ కడగాలి. ఇదంతా అయ్యాక నడుమ ముక్కలు మా ఆయనకూ పిల్లలకూ పోతాయి. నాకు మిగిలేది తోక ముక్క, చల్లారిన పులుసు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వేడి చేప ముక్క మొదట నా కంచంలో పడింది ఆ రోజే. "ఇంట్లో అయితే ఎంత తక్కువ" అని లెక్క చెప్పేవాళ్ళు నా రెండున్నర గంటలను ఆ లెక్కలో ఏ కాలంలో రాస్తారో చూపించండి.

హ్యాపీ అవర్ అంటే మందు పార్టీ అని ఆయన ఎకసెక్కం. ఆ పేరు పుట్టుక చదివితే నాకు నవ్వొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నావికాదళం ఓడల మీద నావికులు బాక్సింగ్, పాటలు, సినిమాలతో గడిపే వేళను అలా పిలిచేవారు. 1914లోనే ఆ ఓడల మీద మందు నిషేధించారు! బార్లు ఆ పేరు ఎత్తుకుపోయింది తర్వాత. అదే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1984లో మందుకు హ్యాపీ అవర్ తగ్గింపులే వద్దని నిషేధం పెట్టింది. మేం తాగింది మజ్జిగ.

హోటలు వాళ్ళు మనమీద జాలితో ధర తగ్గించరు. మధ్యాహ్నం భోజనాల జనం పోయాక, రాత్రి జనం వచ్చేలోపు బల్లలన్నీ ఖాళీ. అద్దె నడుస్తూనే ఉంటుంది, వంటమనిషి జీతమూ ఇవ్వాల్సిందే, ఐసులో ఉన్న చేప గంట గంటకూ విలువ పోగొట్టుకుంటుంది. వచ్చినకాడికి లాభమే అని తగ్గిస్తారు. మరి ఆ వేళకు ఊళ్ళో తీరిక ఉండేదెవరికి? మధ్యాహ్నం బోకులు తోమడం అయిపోయి, పిల్లలు బడి నుంచి రాకముందు, మనకే. రోజు మొత్తంలో మనదని చెప్పుకోగల రెండు గంటలు అవి. మగవాళ్ళు రోజుకు నాలుగుసార్లు టీ అంగడి దగ్గర నిలబడితే దానికి లోకజ్ఞానం అని పేరు.

ఇంకో మాట. చేపల ఉత్పత్తిలో దేశంలో మన ఆంధ్రానే మొదటిది. కొల్లేరు వైపు చెరువుల చేప లారీలెక్కి బెంగాల్‌కు, అస్సాంకు పోతుంది. రొయ్య ఓడెక్కి అమెరికా పోతుంది. అక్కడుండే మా చిన్నమ్మ కూతురు సాయంత్రం హ్యాపీ అవర్‌లో సగం ధరకు తినే రొయ్య భీమవరం వైపుదే అయి ఉండొచ్చు. దాన్ని చూసి మనవాళ్ళు "ఎంత బాగుంది జీవితం" అంటారు. అదే రొయ్య ఆదోనిలో నేను తింటే చేతులు పడిపోయినట్టు! 2025లో అమెరికా సుంకాలు యాభై శాతానికి పెంచినప్పుడు రొయ్యను మన దేశంలోనే ఎక్కువ తినాలని అందరూ అన్నారు. తినేవాళ్ళలో ఆడవాళ్ళు లేరా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత. ఒక ప్లేటు చేపతో అది పోతుందని నేననడం లేదు. తోక ముక్కతో మాత్రం పోదు.

చవక అని కళ్ళు మూసుకుని తినమనీ చెప్పను. మిగిలిపోయిన సరుకును అంటగట్టే వేళ కూడా ఇదే. మేం ముందు చేప చూపించమన్నాం. కన్ను మెరుస్తోందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే గుంట నిలుస్తోందా అని చూశాకే ఆర్డరిచ్చాం. వంటాయన మొహం చిట్లించాడు గానీ చూపించాడు. అప్పు చేసి తినమనీ అనను. మేము ఒక చీర తక్కువ కొన్నాం, అంతే.

ఇదంతా ఇంట్లో మా ఆయనకు చెప్తుంటే అత్తమ్మ మంచం మీద నుంచి విన్నది. డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పుడు తిడుతుందేమో అనుకున్నాను. కాసేపు ఊరుకుని, "ముల్లు లేని చేప ఉంటాదా ఆడ? నాకు పండ్లు లేవు కదా" అనింది.

ఉంటుంది. అపోలో ఫిష్ అంటారు. వచ్చే బుధవారం మధ్యాహ్నం బస్సుకు నలుగురం వెళ్తున్నాం.