పిచ్చియా, మెదడు వ్యాధియా?

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములలో ఎవరి నడవడియైనను ఉన్నట్టుండి మారినచో, గాలి సోకినదని షోళింగపురము కొండకు కొనిపోవుట తరతరముల ఆచారము. స్వామి దర్శనము వలదని మేమనము. వైద్యపరీక్షకు జాగు చేయరాదని మాత్రము గట్టిగా చెప్పుచున్నాము.

మెదడు వ్యాధి కొన్నిమార్లు మొదట మనోవ్యాధివలెనే కనబడును. 2007లో డాక్టరు దాల్మౌ బృందము వివరించిన యొక మెదడువాపు ఇందుకు నిదర్శనము. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే మెదడుపై తిరుగబడును. ఇది యువతులకు హెచ్చు. తొలుత జ్వరము, తలనొప్పి. పిదప నిద్రలేమి, అనుమానము, లేనివి కనబడుట. కొలది వారములలో మూర్ఛలు, మాట పడిపోవుట. 2013లో ప్రకటితమైన 577 మంది రోగుల పరిశీలన ప్రకారము, రెండేండ్లకు నూటికి సుమారు ఎనుబదిమంది చక్కగా కోలుకొనిరి. చికిత్స త్వరగా మొదలైనవారికి మేలు అధికము. వృద్ధులలోను, పార్కిన్సన్ వ్యాధియందు చేతి వణకుకు ముందే దిగులు పట్టుట కలదు.

మనము అంగడిలో తమిళము మాటలాడినను, ఇంట తెలుగువారము. రోగి తన భయమును, భ్రమను ఇంటిభాషలోనే వెల్లడించును. వైద్యుని చెవికి అది చేరదు. కావున ఏనాడు ఏమి మారెనో, జ్వరము, మూర్ఛ వచ్చెనో లేదో ఇంటివారు వరుసగా వ్రాసికొని, వెంటబోయి చెప్పవలెను. మన రైలు చేరెడు చెన్నై సెంట్రల్ ఎదుటనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రియు, అందు నరముల వైద్యశాఖయు నున్నవి.

మన బిడ్డకు పిచ్చియను ముద్ర వేయుటకు ముందు, మెదడును పరీక్షింపుడని వైద్యుని అడుగుట మన విధి.