కట్టెలో దిగాక మిగిలే వేగమే అసలు వేగం

పెట్రోలుతో నడిచే చెయిన్ రంపం కొనేటప్పుడు చాలామంది చూసేవి రెండే: ఇంజను ఎన్ని సీసీ, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది. చెయిన్ పిచ్ ఎంతని అడిగేవారు తక్కువ. నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో గట్లమీది తుమ్మనో, కాపు తగ్గిన మామిడినో, విద్యుత్ తీగలకు అడ్డొచ్చే వేపకొమ్మనో కోసే రైతులు, కూలీలు ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లనే పెట్రోలూ, ఒంట్లో సత్తువా పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. డబ్బామీద రాసిన చుట్లు రంపం గాలిలో తిరిగినప్పటివి. మొద్దులో దిగాక ఇంజను ఎన్ని చుట్లు నిలబెట్టుకుంటుందన్నదే కోతను తేలుస్తుంది. అందులో ఇంజనుకు ఎంత వాటా ఉందో చెయిన్‌కూ అంతే ఉంది.

చెయిన్‌లో వరసగా ఉన్న మూడు రివిట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే వచ్చేదే పిచ్. మధ్యరకం మిషన్లలో ఎక్కువగా కనిపించేవి 3/8 అంగుళం, 0.325 అంగుళం. ఏడు పళ్ల స్ప్రాకెట్ ఒక్క చుట్టు తిరిగితే 3/8 చెయిన్ దాదాపు 133 మిల్లీమీటర్లు సాగుతుంది, 0.325 చెయిన్ 116 దగ్గర ఆగుతుంది. నిమిషానికి 10 వేల చుట్ల లెక్కన మొదటిది సెకనుకు 22 మీటర్లు, రెండోది 19 మీటర్లు పరుగెడుతుంది. చూడబోతే మొదటిదే గెలిచినట్టుంటుంది. కానీ అదే ఇంజను, అవే ఏడు పళ్లతో రెండో చెయిన్‌ను దాదాపు 15 శాతం ఎక్కువ బలంతో లాగగలదు. ఉత్తగా తిరిగినప్పుడు 12, 13 వేల చుట్లు చూపే మిషన్ తన పూర్తి శక్తినిచ్చేది సాధారణంగా 9, 10 వేల మధ్య. పెద్ద పిచ్ చెయిన్, పొడవాటి బార్ తగిలించి ఎండిన తుమ్మలో దింపితే చిన్న ఇంజను ఆ మెట్టు దిగి ఆరేడు వేలకు పడిపోతుంది. మనిషి ఇంకా నొక్కుతాడు. చెయిన్ నిలిచిపోతుంది, క్లచ్ జారి కాలుతుంది.

చెరకు పండించిన నేలకు ఈ లెక్క కొత్తది కాదు. చక్కెర మిల్లుకు శక్తినిచ్చే టర్బైను నిమిషానికి వేల చుట్లు తిరిగినా, చెరకును పిండే రోలర్లు పది చుట్లలోపే తిరుగుతాయి. మధ్యలోని గేర్లు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. 1937లో నెలకొల్పి, 2015 డిసెంబరులో మూసేసిన బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి బండ్లకొద్దీ చెరకు తోలిన రైతాంగానికి, గానుగలో గడలు ఎక్కువ తోస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. రంపానికి గేరు పెట్టె ఉండదు. ఆ పని స్ప్రాకెట్ పళ్లూ, చెయిన్ పిచ్చూ కలిసి చేయాలి.

పెద్ద పన్ను ఒక్క దెబ్బకు ఎక్కువ కట్టె తీస్తుంది కదా అనేవారున్నారు. తీస్తుంది, దాన్ని లాగే ఇంజను ఉంటే. 60 సీసీ దాటిన గట్టి మిషన్‌కు 3/8 తగినదే. 50 సీసీ లోపు వాటికి 0.325 మేలు, ఇంకా చిన్నవాటికి పన్ను ఎత్తు తక్కువుండే లో ప్రొఫైల్ 3/8 చాలు. చిన్న పిచ్ చెయిన్‌లో పళ్లు ఎక్కువ, సాన పట్టే శ్రమ ఎక్కువ, మన్నిక కాస్త తక్కువ అన్న అభ్యంతరం మాత్రం నిజం. దానికి తగ్గ ఆకురాయి కూడా వేరు: 0.325కు 4.8 మిల్లీమీటర్లది, 3/8కు 5.2 లేదా 5.5ది. అన్నిటికంటే బలమైన వాదన మరొకటుంది, సాన లేని చెయిన్‌ను ఏ పిచ్చూ కాపాడదని. పూర్తిగా ఒప్పుకుంటాను. రోడ్డు పక్క చెట్ల బెరడులో దుమ్ము, మొదళ్లలో బోర్డులకు కొట్టిన మేకులు పన్నును నిమిషంలో మొద్దుబారుస్తాయి. అయితే సాన పట్టిన చెయిన్ కూడా ఇంజనుకు మించినదైతే ఆగక తప్పదు.

చుట్లు పెంచడానికి కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించే అలవాటు మాత్రం ప్రమాదకరం. ఈ ఇంజనుకు ఆయిలు అందేది పెట్రోలులో కలిసే. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, నిజామాబాద్ మే నెల ఎండలో పిస్టన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. గాలిలో మోత పెరిగినంత మాత్రాన కోత పెరగదు.

వ్యవసాయ యంత్రాలు అమ్మేవారు పిచ్, స్ప్రాకెట్ పళ్లు, పూర్తి శక్తినిచ్చే చుట్లు, ఈ మూడు అంకెలనూ తెలుగులో రాసి మిషన్‌కు అతికించాలి. బార్ ముక్కుకూ, స్ప్రాకెట్‌కూ, చెయిన్‌కూ పిచ్ ఒకటే ఉండాలని, లేకపోతే చెయిన్ ఊడి మనిషిమీదికి రావచ్చని కూడా అందులోనే చెప్పాలి. అలా రాసేదాకా, కొనేవారే దుకాణంలో చెయిన్ చేతిలోకి తీసుకుని మూడు రివిట్ల మధ్య దూరం కొలిచి చూసుకోవాలి.