ట్యూషన్ గంట వేస్ట్ కాదు, మనమే వేస్ట్ చేస్తున్నాం

మునిర్కాలో గది అద్దె కోసం రోజూ సాయంత్రం ఎవరింట్లోనో ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పే బీటెక్ వాళ్లు మనలో ఉన్నారు. "ఆ గంటలో లక్ష్మీకాంత్ ఒక చాప్టర్ అయ్యేది" అని వాళ్లు బాధపడటమూ విన్నాను. ఆ బాధే తప్పంటాను. ఆ గంటను మనం వాడే తీరు అంతకన్నా తప్పు.

మనం చేస్తున్నదేమిటి? హోంవర్క్ మనమే చేసిపెట్టి, పిల్లాడు తలూపగానే లేచొస్తున్నాం. నేనూ నెలరోజులు అదే చేశాను. ఒకరోజు –3 –5 ఎంత అని అడిగితే 8 అన్నాడు. "మైనస్ మైనస్ ప్లస్ కదా భయ్యా!" గుణకారం సూత్రాన్ని కూడికలో వాడేశాడు. నెలరోజులు పక్కనే కూర్చుని నేను అది కూడా కనిపెట్టలేదు.

మర్నాడు మునిర్కా మెట్రో స్టేషన్‌తో మొదలుపెట్టాను. అది భూమి కింద ఉంటుంది కదా. "రోడ్డు సున్నా. మూడు మెట్లు దిగావు. ఇంకో ఐదు దిగితే ఎక్కడుంటావు?" నవ్వి –8 రాశాడు. అప్పట్నుంచి పెన్ను వాడి చేతిలోనే ఉంటుంది. వాడు చెప్తాడు, నేను "ఎందుకు?" అని అడుగుతాను.

ఆసక్తి కలిగించడమంటే ట్రిక్కులు, వీడియోలు కాదు. పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టడం. కిక్కిరిసిన క్లాసులో టీచర్‌కు కుదరనిది అదే. ఒక్కరికి ఒక్కరు చెబితే సగటు విద్యార్థి మామూలు క్లాసులో 98 శాతం మందిని దాటాడని 1984లో బెంజమిన్ బ్లూమ్ రాశాడు. తర్వాతి అధ్యయనాల్లో లాభం అంత పెద్దగా కనిపించలేదు, కానీ లాభమైతే ఉంది.

అవసరం ఎంతుందో అసర్ నివేదికలు చూడండి. 2022లో గ్రామీణ భారతంలో 1–8 తరగతుల పిల్లల్లో 30.5 శాతం మంది డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్తున్నారు. 2023 సర్వేలో 14–18 ఏళ్ల వాళ్లలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతమే.

"ట్యూషన్ అసమానతను పెంచుతుంది కదా?" అంటారు. నిజమే. టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 28 అంటుంది. తోటి విద్యార్థులే ఒకరికొకరు నేర్పుకోవాలని జాతీయ విద్యావిధానం 2020 సూచిస్తుంది. అది ప్రతి బడిలో జరిగేదాకా మనం చేయగలిగిందొకటుంది: ఫీజిచ్చే పిల్లాడితో పాటు, ఫీజివ్వలేని పిల్లాడికి ఆదివారం ఒక గంట. మన బిల్డింగ్ వాచ్‌మన్ కొడుకు ఎన్నో తరగతో మీకు తెలుసా? నాకూ మొన్నటిదాకా తెలీదు.

జీఎస్–4లో ఎంపతీకి చక్కటి నిర్వచనం రాస్తాం. ఎదురుగా భయంతో తలూపే పిల్లాణ్ణి గుర్తించలేకపోతే ఆ నిర్వచనం ఎందుకు? సీశాట్‌లో 200కి 66 తెచ్చుకోలేక ఆగిపోయిన మిత్రులకైతే ఇంకో మాట: భిన్నాలు పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పి చూడండి, ముందు మీకు అర్థమవుతాయి.

ప్రాక్టీస్ ప్రశ్న (150 పదాలు): "ప్రైవేటు ట్యూషన్ల విస్తరణ బడి వైఫల్యానికి కొలమానం." చర్చించండి.