షరతులు కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి,

ఉద్రిక్తతల వేళ విదేశీ కంపెనీలకు రాయితీలు తప్పవన్న గత సంచిక వ్యాసంతో సగం వరకే ఏకీభవిస్తాను. అమెరికా, చైనాల చిప్ తగాదా మనకు తలుపు తెరిచిన మాట నిజమే. 2023 మేలో అమెరికా చిప్ కంపెనీ మైక్రాన్ ఉత్పత్తులను కీలక వ్యవస్థల్లో వాడొద్దని చైనా చెప్పింది. జూన్‌లో ఆ కంపెనీ గుజరాత్‌లోని సాణంద్ ప్లాంటును ప్రకటించింది.

లెక్క మాత్రం చూడండి. మొత్తం 275 కోట్ల డాలర్లలో సగం కేంద్రానిది, 20 శాతం గుజరాత్ ప్రభుత్వానిది. కంపెనీ పెట్టేది 82.5 కోట్లకు మించదు. పైగా అక్కడ చిప్‌లు పుట్టవు. వేరేచోట తయారైనవాటిని అమర్చి, పరీక్షించి, ప్యాక్ చేస్తారు. చిన్న పనేం కాదు గానీ, వ్యాసకర్త మురిసిపోయిన స్వావలంబన అయితే ఇది కాదు.

అమెరికా ఇవ్వడంలేదా అంటారు. ఇస్తోంది. అరిజోనాలో తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీకి నేరుగా 660 కోట్ల డాలర్ల దాకా ఇచ్చేందుకు ఒప్పుకుంది. కానీ 2022 నాటి చిప్స్ చట్టం కింద సొమ్ము తీసుకుంటే పదేళ్లపాటు చైనాలో అధునాతన చిప్‌ల ఉత్పత్తిని పెద్దగా పెంచకూడదు. 15 కోట్ల డాలర్లకు మించి తీసుకున్నవాళ్లకు రాబడి అంచనాలను బాగా దాటితే, అందులో ప్రభుత్వానికీ వాటా ఉంటుంది.

మన ఒప్పందాల్లో ఇలాంటివి ఏమున్నాయో పన్ను కట్టేవాడికి చెప్పాలి కదా! ఆ పత్రాలను చట్టసభల ముందు పెట్టమంటే పెట్టుబడిని తరిమేయడం ఎలా అవుతుందో వ్యాసకర్త గారే వివరించాలి.

— ఒక పాఠకుడు, విజయవాడ