సోలార్ పలకలకు మన ఎండలోనే పరీక్ష కావాలి

నంద్యాల: ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, కాడి కట్టి దున్ని చూస్తాడు. మరి పాతికేళ్లు పనిచేస్తుందని చెప్పి అమ్మే సోలార్ పలకను ఏమి చూసి కొనాలి? అడిగితే పరీక్షలో నెగ్గినట్లు కాగితం చూపుతారు.

ఆ పరీక్షలు తేలికైనవేమీ కావు. పలకను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచుతారు. సున్నాకు దిగువ 40 డిగ్రీల చలి నుంచి 85 డిగ్రీల వేడికి 200 సార్లు మారుస్తారు. మంచుగడ్డలతో కొడతారు. తయారీ లోపాలు చాలావరకు ఇక్కడే బయటపడతాయి. కాని వెయ్యి గంటలంటే 42 రోజులు. అది పాతికేళ్లకు పూచీ ఎట్లా అవుతుంది? మన మే నెల మధ్యాహ్నం పలక వేడి 60 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం దుమ్ము, గాలివాన. ఇది ఏటేటా జరిగేదే.

ఐ.ఐ.టి. బొంబాయి, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి 2018 వరకు పలు దఫాలుగా దేశమంతటా పలకలను కొలిచాయి. వేడి ప్రాంతాలలో పలకల శక్తి త్వరగా తరుగుతున్నదని, పెద్ద కేంద్రాలకంటే చిన్న ఏర్పాట్లలో తరుగుదల ఎక్కువని తేలింది.

పెద్ద కంపెనీకి కొలిచే ఇంజనీర్లుంటారు. అప్పుచేసి ఇంటికప్పు మీద, బోరు దగ్గర పెట్టుకున్నవారికి ఎవరున్నారు? పలక ఒక్కరోజులో ఆగిపోదు, కొంచెం కొంచెంగా తరుగుతుంది. నీటిధార సన్నబడితే రైతు బోరు ఎండిందనుకుంటాడు. ఎంత తరిగిందో రుజువు చేయలేనివానికి పూచీకాగితం ఉండీ లేనట్లే.

గని, శకునాల గ్రామాల పరిధిలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే పూర్తయింది. ఆ ఎండలోనే ఒక మూల, బజారులో అమ్మే రకాలన్నీ ఆరుబయట నిలిపి ఏటా కొలవాలి. ఆ అంకెలు మండల కార్యాలయాల గోడలపై అంటించాలి. ఏడాదికొకసారి కొలిచే పరికరంతో సిబ్బంది ఊరూరా తిరిగి, రైతుకు చీటీ రాసివ్వాలి.

పాతికేళ్లు ఆగి ఫలితం చూడాలా అని కొందరు అడగవచ్చు. అక్కరలేదు. పక్కపక్కన నిలిపితే ఏది ముందుగా తరుగుతున్నదో కొన్నేళ్లలోనే తెలుస్తుంది. రాయితీకి సొమ్ము ఇచ్చే ప్రభుత్వం కొలతకు కూడా కొంత కేటాయించాలి. సంబంధిత అధికారులు ఈ విషయమై వెంటనే దృష్టి సారించవలసి ఉన్నది.